ఆ మైనస్ దేనిది?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నడిస్తే గోడలన్నీ మార్కుల గురించే మాట్లాడతాయి. ర్యాంకులు, ఫొటోలు, హాస్టళ్ల ఫోన్ నంబర్లు. ఈ సందుల్లో చదువుకునే పిల్లలకు మైనస్ గుర్తంటే ఒకటే అర్థం: తప్పు రాశావు, కోత పడింది. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు 4, తప్పు జవాబుకు మైనస్ 1. ఆ లెక్కలో పెరిగినవాళ్లలో కొందరు తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరతారు. వాళ్లలో మరికొందరు ల్యాబ్‌లో గాజుసామాను వదిలి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. అక్కడ మైనస్ మళ్లీ ఎదురవుతుంది, ఈసారి వేరే వేషంలో.

ఒక విద్యార్థిని ఒక రంగుపదార్థం అణువును తీసుకుని, డాల్టన్ అనే ప్రోగ్రాంకు ఇచ్చి, ఇది రెండు ఫోటాన్లను ఒకేసారి ఎంతగా మింగుతుందో చెప్పమని అడిగిందనుకుందాం. రాత్రంతా నడిచిన లెక్క పొద్దున్నే ఒక పట్టిక ఇచ్చింది. ఎక్స్‌ఎక్స్ కింద 4.0. వైవై కింద మైనస్ 4.0. ఆమెకు గుండె ఝల్లుమంటుంది. శోషణ మైనస్ ఎలా అవుతుంది? వెలుగును మింగాల్సిన అణువు కక్కుతోందా? ఇన్‌పుట్ ఫైలు మరోసారి సరిచూసి, లెక్క మళ్లీ నడుపుతుంది. మళ్లీ అదే మైనస్.

ఈ అధ్యాయమంతా ఆమెకు చెప్పాల్సిన జవాబే. క్లుప్తంగా చెప్పాలంటే, మైనస్ కనపడగానే అడగాల్సింది "తప్పెక్కడ?" అని కాదు, "ఈ మైనస్ ఏ రాశిది?" అని. రెండు ఫోటాన్ల శోషణ లెక్కలో పేర్లు దగ్గరదగ్గరగా ఉన్న రాశులు చాలా ఉన్నాయి. కొన్నింటికి మైనస్ సహజం, కొన్నింటికి నిషిద్ధం. ఒకదానికైతే మైనసే అసలు వార్త.

ముందు సంగతేమిటో చూద్దాం. అణువు ఒక శక్తి స్థాయి నుంచి పై స్థాయికి ఎగరాలంటే సరిగ్గా అంత శక్తి ఉన్న ఫోటాన్ కావాలి. ఆ శక్తిలో సగమే ఉన్న ఫోటాన్ వస్తే అణువు పట్టించుకోదు. కానీ అలాంటివి రెండు ఒకే క్షణంలో వచ్చి పడితే? రెండింటినీ కలిపి మింగి పైకి ఎగరగలదని జర్మనీలోని గోటింగెన్‌లో మారియా గోపెర్ట్ మేయర్ తన డాక్టరేట్ పరిశోధనలో లెక్కగట్టింది. అది 1931లో అచ్చయింది. అలా జరిగే అవకాశం ఎంత తక్కువంటే, అప్పటి దీపాలతో దాన్ని చూడటం అసాధ్యం. వెలుగు తీవ్రత రెట్టింపైతే ఈ శోషణ నాలుగు రెట్లవుతుంది, కాబట్టి చూడాలంటే విపరీతమైన తీవ్రత ఉండాలి. 1960లో లేజర్ వచ్చింది. మరుసటి ఏడే అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కైజర్, గారెట్ అనే ఇద్దరు యూరోపియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం మీదకు 694 నానోమీటర్ల ఎర్రటి రూబీ లేజర్‌ను పంపి, అందులోంచి నీలి వెలుగు రావడం చూశారు. ఎరుపు లోపలికి వెళ్లి నీలం బయటికి వచ్చిందంటే రెండు ఫోటాన్లు ఒకటిగా కలిసినట్టే. ఈ శోషణను కొలిచే ప్రమాణానికి ఇప్పుడు ఆమె పేరే పెట్టుకున్నారు: గోపెర్ట్ మేయర్, పొట్టిగా జీఎం. ఒక జీఎం అంటే 10 పై మైనస్ 50 (సెంటీమీటర్ల నాలుగో ఘాతం, సెకను, ఒక ఫోటాన్‌కు). ఆమెకు 1963లో నోబెల్ వచ్చింది కానీ దీనికి కాదు, పరమాణు కేంద్రకంలోని పొరల నిర్మాణానికి.

ఆమె సూత్రాన్ని మాటల్లో చెప్పుకుంటే మైనస్ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిసిపోతుంది. కింది స్థితి నుంచి చివరి స్థితికి వెళ్లే దారిలో అణువుకున్న ప్రతి స్థితినీ ఒక మధ్య మజిలీగా తీసుకోవాలి. నిజంగా అక్కడ ఆగదు, లెక్క కోసమే. ఒక్కో మజిలీకి ఒక భిన్నం రాయాలి. లవంలో రెండు ద్విధ్రువ భ్రామకాల లబ్ధం ఉంటుంది: కింద నుంచి మజిలీకి ఒకటి, మజిలీ నుంచి పైకి ఒకటి. హారంలో మజిలీ శక్తిలోంచి ఒక ఫోటాన్ శక్తిని తీసేయగా మిగిలింది ఉంటుంది. అన్ని మజిలీల భిన్నాలనూ కూడితే వచ్చేది ఆంప్లిట్యూడ్. ఇది శోషణ కాదు. శోషణ రావాలంటే దీన్ని వర్గం చేయాలి. మన విద్యార్థిని చూసిన 4.0, మైనస్ 4.0 ఈ ఆంప్లిట్యూడ్ భాగాలే. రెండు ఫోటాన్ల విద్యుత్ క్షేత్రాలు ఏ దిశల్లో ఊగుతున్నాయో బట్టి ఎక్స్‌ఎక్స్, వైవై, జెడ్‌జెడ్, ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్, వైజెడ్ అని ఆరు భాగాలుంటాయి.

ఆంప్లిట్యూడ్‌కు మైనస్ రావడం వింత కాదు. హారం చూడండి: ఏదైనా స్థితి ఒక ఫోటాన్ శక్తికంటే కిందనే ఉంటే ఆ భిన్నానికి మైనస్ వచ్చేస్తుంది. లవంలో ఇంకా విచిత్రం ఉంది. క్వాంటం స్థితిని వర్ణించే తరంగ ప్రమేయాన్ని మొత్తంగా మైనస్ ఒకటితో గుణించినా అది అదే స్థితి. కొలవగలిగినదేదీ మారదు. ప్రోగ్రాం రెండింటిలో ఏ గుర్తును ఎంచుకుంటుందో దాని లోపలి అంకగణితం ఇష్టం. కాబట్టి ఇదే అణువుకు ఇంకో ప్రోగ్రాం ఎక్స్‌ఎక్స్‌కు మైనస్ 4.0, వైవైకి 4.0 ఇవ్వవచ్చు. రెండూ ఒప్పే.

అయితే ఆరు భాగాలూ ఒక్కటిగా తిరగబడాలి. ఎక్స్‌వై, ఎక్స్‌జెడ్ రెండే తిరగబడి మిగతావి అలాగే ఉంటే, ప్రోగ్రాం మీ అణువును వేరే దిశలో పెట్టి ఎక్స్ అక్షాన్ని అటునుంచి ఇటు తిప్పిందన్నమాట. ఎక్స్‌ఎక్స్ ఒక్కటే తిరగబడితే మాత్రం నిజంగానే ఎక్కడో తేడా ఉంది. అప్పుడు ఆరా తీయాలి.

భాగాల గుర్తును ఒంటరిగా చూస్తే అర్థం లేదు కానీ, ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే బోలెడంత అర్థం ఉంది. ఇది చాలామంది వదిలేసే చోటు, అందుకే కాస్త ఆగుదాం.

ద్రావణంలో అణువులు అన్ని దిక్కులకూ దొర్లుతుంటాయి కాబట్టి దిశలన్నింటి మీదా సగటు తీయాలి. ఎలా తీయాలో 1970లో మాన్సన్, మెక్లెయిన్ చూపించారు. వాళ్ల పద్ధతిలో రెండు మొత్తాలు కావాలి. మొదటిది, ఎక్స్‌ఎక్స్, వైవై, జెడ్‌జెడ్ మూడింటినీ కూడి వర్గం చేస్తే వచ్చేది. రెండోది, అన్ని భాగాల వర్గాలనూ కూడితే వచ్చేది (ఎక్స్‌వై లాంటివి రెండుసార్లు లెక్కలోకి వస్తాయి). రెండు ఫోటాన్లూ ఒకే గీతలో ఊగే సరళ ధ్రువణ కాంతికైతే మొదటిదాన్ని 2తో, రెండోదాన్ని 4తో గుణించి, కూడి, 30తో భాగించాలి. వృత్తాకార ధ్రువణ కాంతికైతే మొదటిదాన్ని మైనస్ 2తో, రెండోదాన్ని 6తో గుణించాలి. ఇదిగో, సూత్రంలోనే ఇంకో మైనస్.

మన విద్యార్థిని సంఖ్యలు పెట్టి చూద్దాం, మిగతా నాలుగు భాగాలూ సున్నా అనుకుని. ఎక్స్‌ఎక్స్ 4, వైవై మైనస్ 4 అయితే మొదటి మొత్తం సున్నా, రెండోది 32. సరళ కాంతికి 128ని 30తో భాగిస్తే సుమారు 4.27. వృత్తాకార కాంతికి 192ని 30తో భాగిస్తే 6.4. ఇప్పుడు ఆ మైనస్ "తప్పు" అనుకుని తీసేశామనుకోండి. మొదటి మొత్తం 64, రెండోది అదే 32. సరళ కాంతికి 8.53, వృత్తాకార కాంతికి 2.13. అంటే ఒక్క మైనస్‌ను తుడిచేస్తే ఒక సంఖ్య రెట్టింపైంది, ఇంకొకటి మూడో వంతుకు పడిపోయింది. మొదటి సందర్భంలో వృత్తాకారానికీ సరళానికీ నిష్పత్తి 1.5, రెండో సందర్భంలో 0.25. ప్రయోగశాలలో ఈ నిష్పత్తిని కొలవవచ్చు, అణువు ఎగిరి చేరిన స్థితి ఏ సౌష్ఠవానికి చెందిందో దాన్నిబట్టి చెప్పవచ్చు. 1.5 అనేది ఈ నిష్పత్తికి గరిష్ఠ విలువ. విద్యార్థిని భయపడిన మైనస్సే అణువు గురించి అసలు కబురు తెచ్చింది.

వృత్తాకార సూత్రంలో మైనస్ 2 ఉంది కదా, మొత్తం ఎప్పుడైనా మైనస్‌లోకి జారుతుందా? జారదు. మూడు సంఖ్యల మొత్తానికి వర్గం, వాటి వర్గాల మొత్తానికి మూడింతలను మించదని ఇంటర్‌ గణితంతోనే చూపించవచ్చు. అందువల్ల మహా అయితే సున్నా అవుతుంది. మూడు భాగాలూ సమానమై, మిగతావి సున్నా అయినప్పుడు సరిగ్గా సున్నాయే అవుతుంది. అందులో భౌతిక కారణం కూడా ఉంది: ఒకే వైపు తిరిగే రెండు ఫోటాన్లు రెండు యూనిట్ల కోణీయ ద్రవ్యవేగాన్ని మోసుకొస్తాయి, గోళంలాంటి స్థితి నుంచి గోళంలాంటి స్థితికి వెళ్లేటప్పుడు దాన్ని పెట్టుకోవడానికి చోటుండదు. డాల్టన్ చివరి పట్టికలో ఈ రెండు మొత్తాలూ విడివిడిగానూ, కలిపిన ఫలితం సరళ, వృత్తాకార వరసల్లోనూ ఇస్తుంది. కంగారుపడాలో వద్దో ఈ పట్టిక చూశాకే నిర్ణయించుకోవాలి.

ఇక మరో మైనస్. ఒక అణువులో రెండు మజిలీలే ముఖ్యం అనుకుందాం. ఒకటి ఆంప్లిట్యూడ్‌కు 5 ఇచ్చింది, రెండోది మైనస్ 3. కూడితే 2, వర్గం 4. విడివిడిగా వర్గం చేస్తే 25, 9, మొత్తం 34. మరి 34 ఎలా 4 అయింది? మధ్యలో మైనస్ 30 అనే వ్యతికరణ పదం ఉంది. రెండో మజిలీ కూడా ప్లస్ 3 ఇచ్చి ఉంటే అదే పదం ప్లస్ 30 అయి, శోషణ 64కు చేరేది. అణువుకు ఎలక్ట్రాన్లు ఇచ్చే గుంపును ఎక్కడ తగిలించాలి, లాక్కునే గుంపును ఎక్కడ పెట్టాలి అని ఆలోచించే రసాయనవేత్తకు ఈ ఒక్క పదం గుర్తు మారిస్తే చాలు, 4 కాస్తా 64 అవుతుంది. వ్యాసాల్లో "ఛానల్ వ్యతికరణం మైనస్" అని కనపడితే అది ఇదే. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే ఉపయోగపడే మైనస్ ఇది.

మొత్తం శోషణ బలమే మైనస్‌గా వస్తే? అప్పుడు మాత్రం సిద్ధాంతం వైపు వేలు చూపించాలి. అసలైన క్వాంటం సిద్ధాంతంలో శోషణ బలం ఒక ఆంప్లిట్యూడ్‌ను దాని సొంత ప్రతిబింబంతో గుణించగా వచ్చేది, అది మైనస్ కాలేదు. కానీ కపుల్డ్ క్లస్టర్ అనే పద్ధతిలో (కచ్చితత్వానికి పేరున్నదే) హామిల్టోనియన్‌ను (అణువు శక్తిని లెక్కగట్టే ఆపరేటర్‌ను) గణిత సౌలభ్యం కోసం ఒక రూపాంతరం చేస్తారు. దానివల్ల కింద నుంచి పైకి వెళ్లే ఆంప్లిట్యూడ్, పై నుంచి కిందికి వచ్చే ఆంప్లిట్యూడ్ ఒకటి కాకుండా పోతాయి. రెండూ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి, కానీ అచ్చంగా సమానం కావు. బలం రెండింటి లబ్ధం. రెండూ సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు ఒకటి సున్నాకు ఇవతల, ఒకటి అవతల పడితే లబ్ధం మైనస్ అవుతుంది. అలాంటి మైనస్‌కు అర్థం ఒక్కటే: ఆ స్థితికి రెండు ఫోటాన్ల శోషణ దాదాపు లేదు, ఉన్న కొంచెమూ ఈ పద్ధతి పట్టుకోగలిగినంతకంటే తక్కువ. దాన్ని సున్నాగా చదువుకోవాలి. బలమైన స్థితికి అలా పెద్ద మైనస్ వస్తే బేసిస్ సెట్‌నో (కక్ష్యలను రాయడానికి ఎంచుకున్న ప్రమేయాల గుంపునో), ఉత్తేజిత స్థితి వర్ణననో అనుమానించాలి.

డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతిలో వేరే తంటా ఉంది. కొన్ని శక్తుల దగ్గర, అసలు అణువులో ఏమీ లేని చోట, ఆంప్లిట్యూడ్ ఒక్కసారిగా ఆకాశాన్నంటి, దాటగానే గుర్తు మార్చుకుంటుంది. అది అణువు చేసిన పని కాదు, ఆ ఉజ్జాయింపులో ఉన్న లోపం. రెండు వేర్వేరు ఫంక్షనల్‌లతో లెక్క వేసి చూస్తే బయటపడుతుంది.

ఇప్పుడు లెక్కలను పక్కనపెట్టి, కొలతల కోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి నగరానికి ఆ చివర గచ్చిబౌలికి వెళ్దాం. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డి. నారాయణరావు, ఎస్. వేణుగోపాల్ రావు లాంటివారు అరేఖీయ కాంతిశాస్త్రంలో ఏళ్ల తరబడి కొలతలు తీశారు. వాళ్ల కొలతల్లోని కొన్ని థాలోసయనిన్ అనే రంగు అణువులు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎల్. గిరిబాబు బృందం తయారుచేసినవి. ఆల్కాక్సీ థాలోసయనిన్ల మీద 800 నానోమీటర్ల ఫెమ్టోసెకను లేజర్‌తో చేసిన కొలతలు 2008లో అచ్చయ్యాయి. ఈ అణువులు ఒక్క ఫోటాన్‌ను గట్టిగా మింగేది 670, 680 నానోమీటర్ల ప్రాంతంలో. 800 దగ్గర ఒక్క ఫోటాన్ వాటిని పెద్దగా కదిలించదు, రెండు కలిస్తే 400 నానోమీటర్లకు సమానమైన శక్తి అవుతుంది.

వాళ్లు వాడిన పద్ధతి పేరు జెడ్‌స్కాన్, 1989లో షేక్ బహాయీ, సయీద్, వాన్ స్ట్రైలాండ్ ప్రవేశపెట్టింది. లేజర్ కిరణాన్ని కటకంతో ఒక బిందువు దగ్గర కుదించి, ద్రావణమున్న గాజు డబ్బాను ఆ బిందువు గుండా ముందుకూ వెనక్కూ జరుపుతారు. బిందువు దగ్గర తీవ్రత ఎక్కువ. రెండు ఫోటాన్ల శోషణ ఉంటే అక్కడ బయటికొచ్చే వెలుగు తగ్గి, గ్రాఫులో లోయ పడుతుంది. రెండు ఫోటాన్ల శోషణ గుణకం ప్లస్. ఒక్కోసారి లోయకు బదులు గుట్ట లేస్తుంది. అప్పుడు గుణకానికి మైనస్ పడుతుంది.

ఈ మైనస్ నిజం. రోడమైన్ బీ అనే గులాబీ రంగు మీద మెథనాల్‌లోనూ నీళ్లలోనూ నాగ శ్రీనివాస్, వేణుగోపాల్ రావు, నారాయణరావు చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. ఆ ఒక్క రంగులోనే లోయా గుట్టా రెండూ ఉంటాయని అందులో ఉంది.  రోడమైన్ ఆకుపచ్చ వెలుగును ఒక్కో ఫోటాన్‌గానే ఆబగా మింగుతుంది. తీవ్రత పెంచితే కింది స్థితిలో అణువులు ఖాళీ అయిపోతాయి, వచ్చే ఫోటాన్లకు మింగేవాళ్లు ఉండరు, ద్రావణం పారదర్శకమవుతుంది. దీన్ని సంతృప్త శోషణ అంటారు. పై స్థితికి చేరిన అణువులు అక్కణ్ణుంచి ఇంకా పైకి మింగడం మొదలుపెడితే గుట్ట మళ్లీ లోయ అవుతుంది. దీన్ని విలోమ సంతృప్త శోషణ అంటారు. తీవ్రమైన లేజర్ నుంచి కళ్లనూ సెన్సర్లనూ కాపాడే పొరలకు కావాల్సింది ఈ రెండోదే.

ఈ గుట్టను కంప్యూటర్ లెక్కలోనూ చూడవచ్చు. శోషణ బలాన్ని కాకుండా, గామా అనే మూడో తరగతి రాశిలోని కాల్పనిక భాగాన్ని నేరుగా లెక్కిస్తే, ఒక్క ఫోటాన్ శోషణకు దగ్గరైన శక్తుల వద్ద అది మైనస్‌లోకి దిగుతుంది. గుట్ట లేచేది అక్కడే. మరో చిక్కు కూడా గుర్తుపెట్టుకోవాలి: కాలంతో మారే తరంగాన్ని భౌతికశాస్త్రవేత్తలు ఒక గుర్తుతో, ఇంజినీర్లు దానికి వ్యతిరేక గుర్తుతో రాస్తారు. దాన్నిబట్టి కాల్పనిక భాగం గుర్తే తిరగబడుతుంది. మైనస్ చూసి సంతృప్తి అని ప్రకటించే ముందు ప్రోగ్రాం మాన్యువల్ తెరిచి ఏ ఆనవాయితీ పాటించిందో చూడాలి.

ప్రయోగ వ్యాసాల్లో ఒక అలవాటు నాకు నచ్చదు. గుట్ట వచ్చినప్పుడు రెండు ఫోటాన్ల గుణకం అనే పేరు కిందే మైనస్ సంఖ్య వేసేస్తారు. అక్కడ జరిగింది రెండు ఫోటాన్ల శోషణే కాదు. సంతృప్త తీవ్రత అని దానికి సొంత రాశి ఉంది, దాన్నే ఇవ్వాలి. రెండూ కలిసి జరిగితే రెండింటినీ విడివిడిగా చెప్పాలి.

మైనసే అసలు వార్త అయ్యే రాశి చివరిది: రెండు ఫోటాన్ల వృత్తాకార ద్వివర్ణత. 1975లో టినోకో ప్రతిపాదించాడు. ఎడమకు తిరిగే కాంతిని ఎంత మింగింది, కుడికి తిరిగేదాన్ని ఎంత మింగింది అన్న తేడా ఇది. తేడా కాబట్టి మైనస్ రావచ్చు. అణువు అద్దంలోని ప్రతిబింబంలాంటి జంట అణువుకు సరిగ్గా దానికి వ్యతిరేక గుర్తు వస్తుంది. ఇక్కడ గుర్తు తప్పయితే చెప్పిన అణువే తప్పు.

కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలోనో, ఎల్బీనగర్ ఇంట్లోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇలాంటి లెక్క వేస్తున్నవాళ్లకు నా విన్నపం ఇది. పట్టిక వేసేటప్పుడు ఏ రాశి, ఏ ప్రోగ్రాం, ఏ ఫంక్షనల్ లేదా ఏ పద్ధతి, ఏ ధ్రువణం, ఏ ప్రమాణం అన్నీ రాయండి. జీఎంలలోకి మార్చిన సూత్రాన్ని కూడా రాయండి, ఎందుకంటే ముందుండే స్థిరాంకాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా పెడతారు, ఒకే అణువుకు ఫలితం రెట్లలో తేడా వస్తుంది. ఆంప్లిట్యూడ్ భాగాలను గుర్తులతో సహా ఇవ్వండి. మైనస్ అందంగా లేదని మాడ్యులస్ గీతల మధ్య పెట్టి దాచేయకండి.